తామ్రశాసనపు ముద్ర నుండి కంప్యూటరు ఖాతా వరకు

విజయవాడకు ఉత్తరమున, కొండపల్లి కొండలు దాటిన పిమ్మట మైలవరము వచ్చును. 2022 ఏప్రిల్ 4 నుండి అది ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది, అంతకుముందు కృష్ణా జిల్లాలోనిది, ఇంకను పూర్వము ఒక జమీందారీకి ముఖ్యస్థానము. ఆ ప్రాంతమున ఒక రైతుకుటుంబము దాచుకొనిన పాతపెట్టెను తెరచితిమనుకొందము. తాతనాటి శిస్తు రసీదులు, తండ్రినాటి క్రయదస్తావేజు, తననాటి పట్టాదారు పాసుపుస్తకము అందుండవచ్చును. నాల్గవ ఆధారము మాత్రము పెట్టెలో ఇమడదు. అది కంప్యూటరులో నున్న అడంగలు, 1-బి లెక్క. మొదటి మూడింటిని రైతు తాళము వేసి కాపాడుకొనగలడు. నాల్గవదాని తాళముచెవి ఎవరియొద్ద నున్నది? అందు ఒక పేరు మారినచో, మార్చినవాడెవడో, అట్లు మార్చుటకు వానికి అధికారము కలదో లేదో ఎట్లు తెలియును?

ఇవి కంప్యూటరుతో పుట్టిన ప్రశ్నలని తోచును. కాని కావు. వ్రాతపూర్వకమైన హక్కు ఏనాడు పుట్టెనో ఆనాడే ఇవియును పుట్టినవి. ఇందు రెండు ప్రశ్నలు కలవు. "నీ వెవరవు?" అనునది మొదటిది. "నీకు ఏ పనికి అధికారము కలదు?" అనునది రెండవది. మొదటిదానికి సమాధానము గుర్తింపు. రెండవదానికి సమాధానము అనుమతి. ఈ రెండింటిని ఒకటిగా భావించినప్పుడెల్ల చిక్కులు వచ్చినవి. కృష్ణాతీరపు చరిత్రయే ఇందుకు మంచి సాక్ష్యము.

విజయవాడ మల్లేశ్వరాలయమున యుద్ధమల్లుని శాసనస్తంభము కలదు. తెలుగు పద్యములు గల ప్రాచీన శాసనములలో అది ప్రసిద్ధమైనది. కుమారస్వామికి గుడియు, మఠమును కట్టించి, ఆ మఠమున గొరగలు అను శైవసన్యాసులు తప్ప ఇతరులు విడియరాదని అందు కట్టడి చేయబడినది. ఇది స్పష్టమైన అనుమతి సూత్రము. ఎవరికి ప్రవేశము కలదో, ఎవరికి లేదో రాతిమీద చెక్కిరి. అయితే గుమ్మమున నిలిచినవాడు నిజముగ గొరగయా, వేషధారియా అను సంగతి రాయి చెప్పజాలదు. దానిని అక్కడ నున్న మనుష్యుడే తేల్చవలెను. సూత్రము ఎంత గట్టిదైనను గుర్తింపు వదులైనచో ఫలము లేదు.

వేంగీ చాళుక్యుల తామ్రశాసనములలో రెండు ప్రశ్నలకును ఏర్పాటు కనబడును. రాగిరేకులకు రంధ్రము చేసి, వలయము దూర్చి, దాని కొనలను ముద్రలో అతికించెడివారు. అనేక ముద్రలమీద వరాహలాంఛనమును, "శ్రీ త్రిభువనాంకుశ" అను అక్షరములును కానవచ్చును. వలయమును కోయనిదే ఒక రేకు తీసి వేరొకటి పెట్టుట సాధ్యము కాదు. శాసనాంతమున "ఆజ్ఞప్తి" యని ఒక అధికారిని పేర్కొనుటయు ఆచారము. ముద్ర ఇది రాజుదే యని చెప్పును. దాని నమలుజరుపు బాధ్యత ఎవరిదో ఆజ్ఞప్తి చెప్పును. పైగా గ్రామమునందలి పెద్దలకును, కుటుంబులకును రాజు ఈ దానమును తెలియజేయుచున్నట్లు శాసనములోనే వ్రాసెడివారు. అంతటి జాగ్రత్త యున్నను కూటశాసనములు పుట్టకపోలేదు. వాని లిపిని, భాషను, వంశక్రమమును పరిశీలించి శాసనపరిశోధకులు వేరుపరచవలసి వచ్చినది.

ముద్ర నిజమైనదైనను అధికారము శూన్యమగుట కూడ కలదు. 1765లో క్లైవు మొగలు చక్రవర్తి షా ఆలముయొద్ద ఉత్తర సర్కారులకు ఫర్మానా సంపాదించెను. కొండపల్లి సర్కారు వానిలో నొకటి. ఫర్మానా నకిలీది కాదు. కాని ఈ నేలమీద నడచుచుండిన అధికారము నిజాం అలీఖానుది. 1766లో కంపెనీ సేనాని కైలాడు కొండపల్లి దుర్గమును పట్టుకొనెను. ఆ సంవత్సరము నవంబరు 12వ తేదీన కంపెనీ నిజాముతో సంధి చేసికొని, సర్కారులకై ఏటేట సొమ్ము చెల్లించుటకు ఒప్పుకొనెను. పత్రము ఎవరిదో తేలినంత మాత్రమున, పత్రమిచ్చినవానికి ఆ శక్తి కలదని తేలలేదు.

1802లో శాశ్వత సెటిల్మెంటు వచ్చినది. జమీందారులకు సనదులిచ్చిరి. ఆ సంవత్సరమే 29వ రెగ్యులేషను కరణముల విధులను నిర్ణయించెను. గ్రామపు లెక్కలు వ్రాయుట కరణము పని. భూమి ఎవరిది, సాగు ఎవరిది, ఏ పైరు, ఎంత శిస్తు అను సమస్త విషయములును ఆయన కవిలెలో నుండెడివి. కరణమునకు ఎవరిని గుర్తింపు పత్రమడుగవలసిన పని లేదు. ఊరిలో ప్రతివానిని, వాని తాతను కూడ ఎరుగును. గుర్తింపునకు అంతకంటె గట్టి సాధనము లేదు. కాని అనుమతి మాటయో? లెక్క చూచువాడు, వ్రాయువాడు, దిద్దువాడు, భద్రపరచువాడు అన్నియు ఆయనయే. ఆయన ధర్మాత్ముడైనచో గ్రామము సుఖించెను. కానిచో ఒక కలపుపోటుతో ఒక కుటుంబము వీధిని పడగలదు. ఏ అక్షరము ఎప్పుడు మారినదో చెప్పు రెండవ పుస్తకము ఊరిలో లేదు.

1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ఈ విషయమున ఒక మెట్టు పైకెక్కెను. దాని 34వ సెక్షను చదివినచో, మనము చెప్పుకొనిన రెండు ప్రశ్నలును వరుసగ కానవచ్చును. దస్తావేజు వ్రాసినట్లు చెప్పబడినవారే వ్రాసిరా యని రిజిస్ట్రారు విచారింపవలెను. ఎదుటికి వచ్చినవారు ఎవరో తన మనస్సునకు నమ్మకము కలుగునట్లు తెలిసికొనవలెను. మఱి యొకరి పక్షమున వచ్చినచో, అట్లు వచ్చుటకు వారికి హక్కు కలదా యని చూడవలెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ఇంకొక ముఖ్యవిషయము చెప్పినది. ఏజెంటు అధికారము రద్దైనచో, అతడు నియమించిన ఉప ఏజెంటు అధికారము కూడ రద్దగును. వేరు తెగిన తరువాత కొమ్మ నిలువరాదు. ఈ సూత్రమును జ్ఞాపకముంచుకొందము. కంప్యూటరు చరిత్రలో ఇది మరల ఎదురుపడును.

1948 నాటి చట్టముతో జమీందారీలు రద్దై రైత్వారీ పద్ధతి వచ్చెను. 1971లో భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకముల చట్టము వచ్చెను. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు ద్వారా కరణము మొదలగు గ్రామోద్యోగములను రద్దు చేసెను. ఆ మరుసటి సంవత్సరము మండలములు ఏర్పడెను. తరతరములుగ ఒక ఇంటిలో నుండిన లెక్కలు కార్యాలయమునకు చేరినవి. వంశపారంపర్యపు టధికారము పోయినది. దానితోబాటు ప్రతివాని ముఖమునెరిగిన మనుష్యుడును పోయెను. బదిలీలపై వచ్చిపోవు ఉద్యోగి రైతును ఎరుగడు, రైతు ఉద్యోగి నెరుగడు. ఇక ముఖపరిచయమునకు బదులు వేరొక సాధనము కావలసెను.

ఆ సాధనము అప్పటికే విదేశములలో రూపొందియుండెను. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున కోర్బటో అను శాస్త్రజ్ఞుని బృందము ఒకే కంప్యూటరును పలువురు ఒకేసారి వాడుకొను పద్ధతిని ప్రదర్శించెను. ఎవరి కాగితములు వారికే కనబడవలెను గనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదము, అనగా పాస్‌వర్డు, నిచ్చిరి. కాని ఆ పదములన్నియు ఒక జాబితాలో ఉన్నవి ఉన్నట్లే వ్రాసి యుంచిరి. ఒకనాడు పొరపాటున, ప్రవేశించిన ప్రతివానికి స్వాగతవాక్యమునకు బదులు ఆ జాబితాయే ప్రత్యక్షమయ్యెను! 1979లో రాబర్ట్ మారిస్, కెన్ థాంప్సన్ అనువారు దీనికి విరుగుడు వివరించిరి. పదమును దాచక, దానిని పిండిగొట్టి వచ్చిన ముద్దను మాత్రమే దాచవలెను. పిండినుండి మరల గింజను చేయలేము. కాని అదే గింజను మరల విసరినచో అదే పిండి వచ్చును. ఇద్దరి పదము ఒకటే యైనను పిండి వేరుగ నుండుటకై ప్రతిదానిలోను ఒక చిటికెడు అన్యపదార్థము కలుపుదురు. దానిని వారు ఉప్పు అనియే పిలిచిరి.

ఇది మొదటి ప్రశ్నకు సమాధానము. రెండవ ప్రశ్నకు సమాధానము శాన్ హోసేలోని ఐ.బి.ఎం. పరిశోధనాలయమునుండి వచ్చినది. అచ్చటనే 1970లో కాడ్ పండితుడు సమాచారమును పట్టికలుగ అమర్చు సిద్ధాంతమును ప్రకటించెను. ఆ పట్టికల భాండాగారమే డేటాబేసు. ఒక పట్టికను చూచుట, అందు క్రొత్త పంక్తి చేర్చుట, ఉన్నదానిని దిద్దుట, తీసివేయుట అను నాలుగు పనులకు వేరువేరుగ అనుమతి ఈయవచ్చును. కరణము కవిలెలో కలిసిపోయి యుండినవి ఈ నాలుగే. 1976లో గ్రిఫిత్స్, వేడ్ అనువారు అనుమతి నిచ్చు విధమును, తీసికొను విధమును శాస్త్రీయముగ వివరించిరి. అనుమతి పొందినవాడు దానిని ఇతరులకు పంచవచ్చునా, కూడదా యని ఇచ్చువాడే నిర్ణయించును. అనుమతి రద్దైనచో, ఆతడు పంచిన అనుమతులును వెంటనే రద్దగును. ఆ మూడవవానికి వేరొక మార్గమున ముందే న్యాయముగ లభించినది మాత్రము నిలుచును. 1872 నాటి చట్టములోని ఏజెంటు, ఉప ఏజెంటుల సూత్రము నూరేండ్లు దాటిన పిమ్మట యంత్రమునకు నేర్పబడినది.

మైలవరమన్నంతనే నాటకప్రియులకు మైలవరము కంపెనీ జ్ఞప్తికి వచ్చును. ఇరువదవ శతాబ్దారంభమున ఆ జమీందారుల పోషణలో నడచిన ఆ సమాజము ఆంధ్రదేశమున ప్రఖ్యాతి గాంచెను. నాటకమున నటుడు వేరు, పాత్ర వేరు. నేడు హరిశ్చంద్రుడైనవాడు రేపు విశ్వామిత్రుడు కావచ్చును. కిరీటము పాత్రది గాని నటునిది కాదు. డేటాబేసు శాస్త్రజ్ఞులును ఈ మాటనే వాడుకొనిరి. అనుమతులను మనుష్యునికి గాక పాత్రకు ఇచ్చి, పాత్రను మనుష్యునికి అప్పగింతురు. 1999 నాటి అంతర్జాతీయ ప్రమాణమున ఇది చేరెను. తహశీలుదారు బదిలీయైనచో నూరు అనుమతులను ఒక్కొక్కటిగ ఊడదీయ నక్కరలేదు. ఒక్క పాత్రను తీసి క్రొత్తవారి కిచ్చిన చాలును. తెర వెనుకకు వెళ్లినవాడు కిరీటము విప్పి వెళ్లవలెను. విప్పించుట మరచినచో, పదవి విడిచిన ఉద్యోగి ఇంటినుండియే కలము కదలింపగలడు.

1989లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్ అను వలతో కథ మరియొక మలుపు తిరిగెను. కార్యాలయపు గది దాటి లోకమంతయు వాకిట నిలచెను. ఈ వలకు జ్ఞాపకశక్తి లేదు. ఒక పుట అడిగి తీసికొనినవాడు మరుక్షణమున వేరొక పుట అడిగినచో వానిని క్రొత్తవానిగనే చూచును. కనుక మొదటి పద్ధతిలో ప్రతి కోరికతోను పేరు, పాస్‌వర్డు మరల పంపెడివారు. నాటకశాలలో విరామమునకు వెలుపలికి వెళ్లువానికి ద్వారపాలకుడు చీటి యిచ్చి, తిరిగి వచ్చునప్పుడు దానినే చూచి లోనికి పంపును. 1994లో లూ మాంటుల్లీ వెబ్‌కు అట్టి చీటిని సమకూర్చెను; దాని పేరు కుకీ. చీటి దొంగిలింపబడినచో దొంగయే ప్రేక్షకుడగును. అందుకే దారిలో ఎవరును చదువకుండ, పంపునదంతయు గూఢలిపిలో పంపు ఏర్పాటు అవసరమయ్యెను.

ఇప్పుడు అసలు ప్రశ్న. వెబ్ ద్వారా వచ్చినవానిని డేటాబేసు ఎట్లు ఎరుగును? ఒక మార్గము ప్రతి మనుష్యునికి డేటాబేసులోనే ఒక ఖాతా తెరచుట. ఓరకిల్ సంస్థవారి వెబ్ ద్వారమున ఈ ఏర్పాటు ఉండెను. అమరికలలో ఏ ఖాతా పేరును వ్రాయక విడచినచో, బ్రౌజరు వచ్చినవానినే పేరు, పాస్‌వర్డు అడిగి, వానితోనే డేటాబేసులో ప్రవేశించును. పని చేసినవాని పేరు డేటాబేసునకు తెలియును; వాని అనుమతులే వానికి హద్దులు; చిట్టాలో వాని పేరే పడును. చక్కని పద్ధతి. కాని కార్యాలయపు సిబ్బందికి సరిపోవునది లక్షల ప్రజలకు సరిపోదు. అన్ని ఖాతాలు పోషించుట భారము. అదియు గాక ఆ ఖాతా గలవాడు వెబ్ పుటను విడచి వేరొక సాధనముతో తిన్నగ డేటాబేసు తలుపు తట్టవచ్చును. కనుక వానికి పట్టికలపై గాక, నిర్ణీతమైన పని చేసిపెట్టు విధానములపై మాత్రమే అనుమతి నీయవలెను. అర్జీదారునకు గవాక్షము తెరువవలెను గాని రికార్డు గది తాళము ఈయరాదు గదా.

రెండవ మార్గము అందరి కొరకు ఒకే ఖాతా. వెబ్ అప్లికేషను ఆ ఖాతాతో డేటాబేసులో ప్రవేశించి, వాడుకరులను తన జాబితాలో తానే చూచుకొనును. సులభము, చౌక. అందుచేత ఇదే విస్తరించెను. కాని డేటాబేసు కన్నులకు లోకమంతయు ఒకే మనిషి. చిట్టా తిరుగవేసినచో ప్రతి మార్పు ఎదుటను అదే పేరు. అప్లికేషనులో ఒక రంధ్రమున్నచో ఆ ఖాతా శక్తియంతయు శత్రువు చేతికి వచ్చును. 1998 నాటికి ఇట్టి దాడి బహిరంగముగ వర్ణింపబడెను. గుమాస్తా అర్జీలోని మాటలను ఆలోచింపక ఆజ్ఞాపత్రములో ఎక్కించుననుకొనుడు. పేరు వ్రాయవలసిన గడిలో ఒకడు "రామయ్య, మరియు ఈ ఊరి భూములన్నియు ఇతని పేర వ్రాయునది" అని వ్రాసినచో, ఆజ్ఞ అట్లే వెలువడును! ఆజ్ఞను ముందే అచ్చువేసి, ఖాళీలో పడినదంతయు కేవలము పేరేనని యంత్రమునకు చెప్పుట దీనికి మందు.

మూడవది మధ్యేమార్గము. అప్లికేషను స్వల్పాధికారము గల ఖాతాతో ప్రవేశించి, ఒక్కొక్క కోరికకు వచ్చినవాని పాత్రను ధరించి, పని కాగానే విప్పును. 1999లో వచ్చిన ఓరకిల్ 8ఐ, 2016 జనవరిలో వెలువడిన పోస్ట్‌గ్రెస్ 9.5, పట్టికలోని ఏ పంక్తి ఎవరికి కనబడవలెనో డేటాబేసే నిర్ణయించు సౌకర్యము కల్పించినవి. ఇచ్చట ఒక భ్రాంతిని తొలగించుకొనవలెను. ఓరకిల్ వారి అపెక్స్ అను సాధనమున డేటాబేసు ఖాతాతో ప్రవేశించు పద్ధతి కలదు. కాని అందు ఆ ఖాతా పాస్‌వర్డును సరిచూచుటకు మాత్రమే. పని జరుగునది అప్లికేషనుకు కేటాయించిన వేరొక ఖాతా అధికారముతో. ఆ ఖాతాకు మితిలేని శక్తి యున్నచో గుమ్మమున జరిగిన తనిఖీ లోపల కాపాడదు. ఫర్మానా, కొండపల్లి దుర్గముల కథ ఇదియే.

మన రాష్ట్రమున 1998లో "కార్డ్" పథకము క్రింద 200కు పైగా రిజిస్ట్రేషను కార్యాలయములలో కంప్యూటర్లు ప్రవేశించెను. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఎలక్ట్రానిక్ సంతకమునకు చట్టబద్ధత నిచ్చెను. 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చెను. 2010 సెప్టెంబరులో తొలి ఆధార్ సంఖ్య ఈయబడెను. ఆధార్ తనిఖీ మొదటి ప్రశ్నకు మాత్రమే సమాధానము. వేలిముద్ర కలిసినంత మాత్రమున భూమి వానిదని గాని, రికార్డు దిద్దు హక్కు వానికి కలదని గాని కాదు. ఆ సంఖ్య పౌరసత్వమునకైనను, స్థిరనివాసమునకైనను తనంతట నిదర్శనము కాదని 2016 నాటి ఆధార్ చట్టపు 9వ సెక్షనే చెప్పుచున్నది.

చూచుటకును, దిద్దుటకును గల భేదము రేడియో గల కుటుంబములకు వేరుగ చెప్ప నక్కరలేదు. 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన విజయవాడ కేంద్రపు ప్రసారమును ఎవరైనను వినవచ్చును. ఒకప్పుడు అందుకును తపాలా కార్యాలయమున లైసెన్సు తీసికొనవలసి యుండెను. కాని మైకు ముందు కూర్చుండుట అందరికిని లేదు. ఎవరు కూర్చుండిరో, ఏమి పలికిరో కేంద్రమున నమోదగును. భూమి రికార్డును అందరును చూచుట మేలే. పదిమంది చూచుచున్నచో తప్పు త్వరగ బయటపడును. దిద్దు కలము మాత్రము పేరు గల మనుష్యుని చేత, పనికి తగినంత మేరకే యుండవలెను. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అను శాస్త్రజ్ఞులు చెప్పిన కనిష్ఠాధికార సూత్రము ఇదియే.

కాబట్టి ఏ కంప్యూటరు రికార్డు విషయమునైనను పౌరుడు అడుగదగిన ప్రశ్నలు నాలుగు. ఈ మార్పు చేసినవారి పేరు చిట్టాలో కలదా, లేక పదిమంది పంచుకొనిన ఒకే పాస్‌వర్డు కలదా? ఆ పేరుగల వారికి ఆ మార్పునకు అనుమతి ఎవరిచ్చిరి? వారు పదవి విడచిననాడు ఆ అనుమతి తీయబడినదా? చిట్టాను దిద్దు శక్తి, రికార్డును దిద్దు శక్తి ఒక్కరి చేతనే లేవుగదా? ఖాతా అను మాట మనకు క్రొత్తది కాదు. రైతు భూమికి ఒక ఖాతా సంఖ్య కలదు. దానిని దిద్దు ఉద్యోగికి కంప్యూటరులో ఒక ఖాతా కలదు. రెండవ ఖాతా భద్రముగ నున్నంతవరకే మొదటి ఖాతా భద్రము. పాతపెట్టెకు తాళము వేసికొనుటతో రైతు జాగ్రత్త ముగియుట లేదు. ఆ నాల్గవ తాళముచెవి ఎవరి చేత నున్నదో అప్పుడప్పుడు అడిగి తెలిసికొనుట కూడ నేటి గృహధర్మములలో నొకటి.